కొండ మీద గుత్తివంకాయ

మా శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేశాను. రోజుకు నాలుగుసార్లు మీటర్లు చూడడం, కనిపించిన అంకె రాయడం, సంతకం పెట్టడం. అన్నేళ్లలో నేను రాసిన అంకెల్లో ఒక్కటీ తప్పు లేదు. ఈ మాట ఎత్తుకోగానే మా ఆవిడకు వంటింట్లో ఏదో పని గుర్తొస్తుంది. హనుమకొండలో మా కాలనీ పార్కు బెంచీ మీద కూర్చునే తోటి రిటైర్డు వాళ్లు చెప్పుల కోసం వెతుక్కుంటారు. అందుకే మీకు చెబుతున్నాను. మీరు ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లు, మధ్యలో లేచిపోవడానికి మీకింకా కొంచెం మొహమాటం ఉంటుంది.

అంకెల్లో తప్పు లేదు గాని ఒక అబద్ధం మాత్రం చెప్పాను. డ్యూటీ వేళల్లో, నా పై అధికారికి, ముఖం మీదే చెప్పాను. సర్వీసు మొత్తంలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటేనేమో అని ఈమధ్య అనిపిస్తోంది.

అప్పట్లో వరంగల్ నుంచి గోదావరి అవతలికి ఒక ఫోను మాట పోవాలంటే నడుమ కొండల మీద మేం కూర్చోవాలి. కొండ మీద ఒక టవరు, దాని కింద రెండు గదులు, గదుల్లో మెషీన్లు, వాటికి బ్యాటరీలు, కరెంటు పోతే డీజిల్ ఇంజను. ఇటునుంచి వచ్చిన మాటను అందుకుని అటు పంపడం మెషీన్ల పని. ఆ మెషీన్లు సక్రమంగా ఉన్నాయో లేదో చూడడం మా పని. మా కొండ ములుగు దాటాక ఏటూరునాగారం అడవుల్లో బాగా లోపలికి ఉండేది. జీపు ఆగే చోటి నుంచి పైకి మూడు వందల పన్నెండు మెట్లు. తారు రోడ్డుకూ మాకూ మధ్య రెండు వాగులు. పదిహేను రోజులకోసారి జీపు వచ్చి మమ్మల్ని దింపుకుని, వేరే ముగ్గుర్ని ఎక్కించాలి. ఆ ఏడు వానాకాలం మమ్మల్ని దింపి వెళ్లిన జీపు వెనకాలే వాగులు పొంగాయి. మధ్యలో ఉన్న కల్వర్టు కొట్టుకుపోయింది. ఆ జీపు మళ్లీ మా కొండ ముఖం చూసింది డెబ్బై నాలుగో రోజున.

నాకప్పుడు సర్వీసులో నాలుగో ఏడు. రఘునాథపల్లి దగ్గర సేద్యగాళ్ల ఇంటి నుంచి వచ్చినవాణ్ణి. సర్కారు ఇచ్చిన రిజిస్టరంటే నాకు దేవుడి పటమంత భక్తి.

మా ఇన్‌చార్జిని అందరూ పెద్దసారు అనేవారు. వరంగల్ బజారులో తాతల నాటి నుంచి పప్పులు, దినుసుల వ్యాపారం చేసే కుటుంబం ఆయనది. అన్నదమ్ములంతా దుకాణంలో కూర్చుంటే ఈయనొక్కడే నౌకరీ అంటూ బయటికొచ్చాడు. ఇంట్లో పూటకు ఇరవై రెండు కంచాలు పడేవట. మూడు కూరలు, రెండు పచ్చళ్లు, ఉప్పు ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఇంకొకరు. కొండ డ్యూటీ పడేదాకా, అంటే యాభై ఏడేళ్లు వచ్చేదాకా, ఆయన అలికిడి లేని చోట అన్నం తిన్నవాడు కాదు. కొండెక్కేటప్పుడు చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారేజీ పట్టుకొచ్చాడు. మొదటి రోజు అందులోని కూరలు మా ముగ్గురికీ వడ్డించాడు. తర్వాత దాన్ని కడిగి, తుడిచి, మంచం పక్కన కిటికీలో పెట్టుకున్నాడు.

మూడోవాడు వంట, కాపలా రెండూ చూసే మామ. పరకాల దగ్గర పల్లె ఆయనది. వాళ్ల ఊళ్లో అందరికీ ఆయన మామేనట, అందుకని మాకూ మామే అయ్యాడు.

కూరగాయలు రెండు వారాల్లో అయిపోయాయి. ఉల్లిగడ్డలు మూడో వారంలో కుళ్లాయి. మిగిలినవి బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు. ఊళ్లన్నీ వాగు అవతలే. మామ ఒకసారి అడవిలోంచి పుట్టగొడుగులు తెచ్చాడు గాని, "వీట్ల ఏది తినేదో, ఏది సంపేదో నీకెరికేనా?" అని పెద్దసారు అడిగితే కాసేపు ఆలోచించి అవతల పారేశాడు. ఆ తర్వాత పొద్దున పప్పుచారు, రాత్రి పప్పుచారు. వాన ఎక్కువైన రోజు చారు కొంచెం పలచన.

ఇలా ముగ్గురు మనుషులు ఒకే చోట ఇరుక్కుంటే ఏమవుతుందో ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నారట. దానికి డాక్టర్లు కూడా ఉన్నారట. మాకు తెలిసిందల్లా నలభయ్యో రోజుకు పెద్దసారు చారు జుర్రే చప్పుడు నాకు డీజిల్ ఇంజను చప్పుడు కన్నా పెద్దగా వినిపించడం. నేను పెన్ను క్యాపు తీసి పెట్టే టిక్కు టిక్కు ఆయనకు అలాగే ఉండేదని తర్వాత తెలిసింది. మామ ఒకే పాట సగం చరణం దాకా పాడి ఆపేవాడు. మిగతా సగం కోసం మేమిద్దరం పళ్లు కొరుక్కుంటూ ఎదురుచూసేవాళ్లం.

మామకు ఒక కొండెంగతో, అదే కొండముచ్చుతో, తగాదా మొదలైంది. ఎండబెట్టిన మిరపకాయలు అది ఎత్తుకుపోయిందట. రోజూ పొద్దున గోడ మీద అదీ, గోడ కింద ఈయనా. "బామ్మర్దీ, నిన్న చేసిన పని మంచిగున్నదా? నీ అక్కకు చెప్పాల్నా?" అని పంచాయితీ పెట్టేవాడు. అది రాని రోజు ఆయన అన్నం సరిగా తినేవాడు కాదు. మామకు మతి చలిస్తోందని నాకు దిగులుగా ఉండేది.

నేను మాత్రం చక్కగా ఉన్నాననుకున్నాను. సాయంత్రాలు వాన తెరిపిస్తే మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగి, లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాణ్ణి. ఒకరోజు మూడు వందల పదకొండే వచ్చాయి. మళ్లీ దిగాను. మళ్లీ మూడు వందల పదకొండు. వానలో తడుస్తూ మూడోసారి దిగి, పోయిన మెట్టు దొరికాక గాని పైకి రాలేదు. ఇది పిచ్చి కాదు, క్రమశిక్షణ అనుకున్నాను.

పెద్దసారు కూడా బాగానే ఉన్నాడనుకున్నాను. పొద్దున ఏడు గంటలకు వరంగల్ కంట్రోల్ రూముకు రీడింగులు చెప్పడం ఆయన డ్యూటీ. దానికోసం ఒక సర్వీస్ లైను ఉండేది. నంబరు తిప్పే పని లేదు, ఎత్తి పిలిస్తే ఆ దారిలో ఉన్న అన్ని స్టేషన్లకూ వినిపిస్తుంది. సొంత మాటలు దాంట్లో మాట్లాడకూడదు. వరంగల్‌లో ఆ టైముకు డ్యూటీలో ఉండే ఆమెను అందరూ అక్క అనేవారు. మా ఇళ్లకు మేం క్షేమమని కబురు చేసేదీ ఆమే. పెద్దసారు ఆ పావుగంట తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడి, బయటికొచ్చేటప్పుడు ముఖం కడుక్కున్నవాడిలా తేటగా వచ్చేవాడు. నేనప్పుడు ఇంజను దగ్గర ఉండేవాణ్ణి.

ఒకరోజు ఆయనకు గొంతు పట్టేసింది. రీడింగులు నేను చెప్పాను. బ్యాటరీ ఎంత, డీజిల్ ఎంత, అన్నీ అయ్యాయి. పెట్టేయబోతుంటే అక్క ఆపింది.

"తమ్మీ, ఏం కూర?"

"ఏం కూరేందక్కా?"

"అయ్యో, రిమార్కుల కాలమ్ ఖాళీ ఉన్నది. మీ సారు రోజు చెప్తడు గద. నిన్న దొండకాయ వేపుడు, మొన్న చామగడ్డ పులుసు, అంతకు ముందు గుత్తివంకాయ. ఆయన చెప్పినట్టే చేసిన, మా ఇంటాయన వేళ్లు నాకిండు. కొండ మీద రాజుల లెక్క తింటాండ్రు మీరు."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అక్కా, ఇరవై అయిదు రోజుల సంది మేము పప్పుచారు తప్ప ఏం తింటలేం" అన్నాను.

 లైను పోయిందేమోనని మీటరు వైపు చూశాను.

"నాకు చెప్పినవు, సరె" అంది చివరికి. "ఆయనకు మాత్రం ఏం అనకు. ఇన్నవా తమ్మీ? ఏం అనకు."

విన్నాను. విని, నేరుగా వెళ్లి అన్నాను.

నా మనసులో ఉన్నది ఒక్కటే. సర్కారు లైను, సర్కారు రిజిస్టరు, అందులో లేని దొండకాయ. మామ కంచాలు పెడుతుండగా, ఆయన ముందే అడిగాను. "సార్, సర్వీస్ లైన్ల తప్పుడు రీడింగ్ ఇయ్యొచ్చునా?"

పెద్దసారుకు వెంటనే తెలిసిపోయింది. చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆ వయసు మనిషి అలా సిగ్గుపడగా నేను అంతకు ముందు చూడలేదు.

"తప్పే" అన్నాడు. "ఇగ చెప్ప."

మామ నా వైపు చూసిన చూపు కొండెంగ వైపు కూడా ఎప్పుడూ చూడలేదు. నేను మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఒక లోపం సరిచేశాను మరి.

తర్వాతి నాలుగు రోజులూ రీడింగుల గది తలుపు తెరిచే ఉంది. అక్క అడుగుతోంది, ఆయన చెబుతున్నాడు. "పప్పు." మర్నాడు, "పప్పు." అంతే. బయటికొచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. గడ్డం చేసుకోవడం మానేశాడు. చారు జుర్రే చప్పుడు ఆగిపోయింది, ఎందుకంటే చారు పోసుకోవడమే మానేశాడు. ఆ చప్పుడు ఆగినందుకు నేను లోలోపల సంతోషించాను. ఇది చెప్పడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

అయిదో రోజు పొద్దున ఎనిమిదింటికి సర్వీస్ లైను గంట మోగింది. ఆ టైములో ఎప్పుడూ మోగదు.

"తమ్మీ, మీ సారేడున్నడు?"

"మంచం మీదనే ఉండొచ్చక్కా."

"చూసి చెప్పు."

చూశాను. మంచం మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. వచ్చి చెప్పాను.

"ఇయ్యాల గూడ పప్పన్నడు" అంది అక్క. "అని, రేపటి సంది పిల్లగాడు చెప్తడు రీడింగులు అన్నడు. ఆయన దొండకాయ అన్నన్ని దినాలు నాకు ఫికరు లేకుండె తమ్మీ. మీ దగ్గర దొండకాయలు లేవని నాకు ఎప్పుడో ఎరికే. వాగులు పొంగినంక యేడికెల్లి వస్తయి? ఆయన నిజం చెప్పుడు మొదలువెట్టిన సంది నాకు పరేషానైతాంది. ఉరుకు."

మళ్లీ లోపలికి వెళ్లాను. కిటికీలో టిఫిన్ క్యారేజీ లేదు.

మామను కేకేసి మెట్ల మీద పరుగెత్తాను. రోజూ లెక్కపెట్టే మెట్లు ఆ రోజు ఎన్ని దిగానో నాకు తెలియదు. కింద జీపు బాట మీద అరమైలు పోతే మొదటి వాగు. మలుపు తిరగ్గానే ఆయన కనిపించాడు. ఒడ్డున రాయి మీద కూర్చుని ప్యాంటు మోకాళ్ల దాకా మడుస్తున్నాడు. పక్కన చెప్పులు జతగా పెట్టి ఉన్నాయి. చేతికి టిఫిన్ క్యారేజీ. ఎదురుగా వాగు ఎర్రగా, గట్లు తెగేలా పోతోంది. మేం చూస్తుండగానే ఒక టేకు మొద్దు తిరుగుతూ వచ్చి మునిగి, అల్లంత దూరాన తేలింది.

"సార్, యేడికి?" అన్నాను రొప్పుతూ.

"ఇంటికి" అన్నాడు, బజారుకు పోతున్నంత మామూలుగా. "జర పోయి తిని వస్త. మధ్యాహ్నం వరకు రానూ వస్త. మీకు గూడ తెస్త."

ఇల్లు అక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు. ఆయన కళ్లు మాత్రం ప్రశాంతంగా ఉన్నాయి.

అలాంటప్పుడు నా నోట ఏం వచ్చిందో తెలుసా? "సార్, సెలవు పెట్టకుంట స్టేషన్ విడిచి పోరాదు."

"సెలవు చీటీ బల్ల మీద పెట్టిన" అన్నాడు. "రాయి కింద ఉన్నది, ఎగిరిపోదు."

చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకున్నాడు. దినుసుల బస్తాలు ఎత్తిన వంశం, ఆ చేతుల్లో బలం ఉంది. మామ వెనక నుంచి "సారూ, సారూ" అంటున్నాడు తప్ప ముందుకు రాలేకపోతున్నాడు. పెద్దసారు లేచి ఒక పాదం నీళ్లలో పెట్టాడు. పెట్టి నా వైపు తిరిగాడు.

"నిజం చెప్పుమన్నవు గద. చెప్తాన్న. నాకు ఆకలైతాంది బిడ్డా."

ఆకలంటే పప్పుచారుతో తీరేది కాదని, ఆ పావుగంటలో ఆయన ఇరవై రెండు కంచాల మధ్య కూర్చుని వస్తున్నాడని, ఆ పీట నేను లాగేశానని అప్పుడు తెలిసింది. మామకు కొండెంగ ఉంది, నాకు మెట్లున్నాయి. ఈయనకు ఉన్నదాన్ని నేను తప్పుడు రీడింగు అన్నాను.

అప్పుడు చెప్పాను అబద్ధం. ఆలోచించి చెప్పింది కాదు, దానంతటదే వచ్చింది.

"సార్, అక్క లైన్ల ఉన్నది. ఇంటికి చుట్టాలొచ్చిండ్రట. గుత్తివంకాయ చేస్తాంది. నువ్వులు పచ్చియే నూరుతాంది సార్."

నీళ్లలో పాదం ఆగింది. ఆయన నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు, తిప్పుకుంటే ఆయన పోతాడని భయం.

"పచ్చియా?" అన్నాడు.

"అవ్ సార్. వేయించకుంట."

"ఎండు కొబ్బరి?"

"అది గూడ పచ్చిదే వేస్తాందట."

"అరే, చుట్టాల ముందట ఇజ్జత్ తీసుకుంటది! పొయ్యి బంజెయ్యుమని చెప్పకపోయినవా?"

"నేను చెప్తె ఇంటదా సార్? మీరే చెప్పాలె."

ఆయన పాదం బయటికి తీశాడు. చెప్పులు తొడుక్కున్నాడు. టిఫిన్ క్యారేజీ మామ చేతికిచ్చాడు. "నడువుండ్రి" అని మా ఇద్దరి కన్నా ముందు బయల్దేరాడు.

సగం మెట్లెక్కాక నాకు గుర్తొచ్చింది. అక్కకు ఈ సంగతే తెలియదు. "సార్, మీరు మెల్లగ రాండ్రి, నేను లైను పట్టుకుంట" అని ఆయన్ని దాటి ఉరికాను. లైను ఎత్తి, "అక్కా, మీ ఇంటికి చుట్టాలొచ్చిండ్రు" అన్నాను.

"మా ఇంటికా?" అంది. ఒక్క క్షణమే. "వచ్చిండ్రు. ఇంగ చెప్పు."

"గుత్తివంకాయ చేస్తాన్నవు. నువ్వులు వేయించలేదు."

"వేయించలేదు. సారున్నడా?"

"వస్తాండు."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఆయన లోపలికి రాగానే ఆమె అందుకున్న తీరు చూస్తే, ఆ చుట్టాలు నిజంగానే ఆమె వెనక పీటలు వేసుకుని కూర్చున్నారని నాకే అనుమానం వచ్చింది. "సార్, మంచిగ దొరికిండ్రు. ఐదుగురు వచ్చిండ్రు సార్, మా ఆడిబిడ్డ అత్తగారోళ్లు. ఏం చెయ్యాల్నో సమజైతలేదు."

పెద్దసారు కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాడు. లేత వంకాయలు ఎలా ఏరాలి, ముచ్చిక ఎంత ఉంచాలి, నువ్వులు ఏ రంగు వచ్చేదాకా వేయించాలి, పల్లీలు వాటితో కలిపి ఎందుకు వేయించకూడదు. సొంత మాటలు నిషేధమైన సర్కారు లైను మీద నలభై నిమిషాలు. మధ్యలో ఇంకో కొండ మీది స్టేషన్ నుంచి ఎవరో గొంతు సవరించుకుని, "సార్, నడుమ వస్తాన్న, చింతపండు ఎంతన్నరు?" అన్నాడు. ఇంకెక్కడి నుంచో మరొకడు, "నిమ్మకాయంత" అని ఈయన కన్నా ముందే చెప్పేశాడు. అప్పుడు తెలిసింది, పొద్దున ఏడింటికి ఆ దారి పొడుగునా ఉన్న కొండలన్నీ ఇన్నాళ్లూ మా కూర వింటున్నాయని. అయిదు రోజుల బట్టి వాళ్లందరూ పప్పు విని పస్తులున్నారు.

మామ గుమ్మంలో నిలబడి కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు. ఆ పూట పప్పుచారే. పెద్దసారు రెండుసార్లు పోయించుకుని జుర్రాడు. అంత చక్కటి చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు.

మర్నాటి నుంచి ఏడు గంటలకు ముగ్గురం కలిసే కూర్చునేవాళ్లం. కూర ఏమిటో ముందు రోజు రాత్రే పంచాయితీ పెట్టుకుని తేల్చుకునేవాళ్లం. మామ కోడి అనేవాడు, పెద్దసారు చెవులు మూసుకునేవాడు. నేను కాకరకాయ అంటే ఇద్దరూ కలిసి కొట్టేసేవారు. మామ కొండెంగకు ఒక మిరపకాయ నేనే పెట్టడం మొదలుపెట్టాను.

వినాయక చవితి నాడు మామ అడవంతా తిరిగి తుమ్మికూర తెచ్చి వండాడు. నెలన్నరకు నిజంగా తిన్న కూర అది. పెద్దసారు ఉత్సాహంగా లైను ఎత్తి "తుమ్మికూర" అన్నాడు. అది అబద్ధమా, నిజమా అక్కకు తేలలేదు. నిజమైతే ప్రమాదం కదా! వెంటనే నన్ను పిలవమంది. "నిజంగనే తుమ్మికూరనే అక్కా, గని సారు మంచిగున్నడు" అని ఒట్టు పెట్టి చెప్పాల్సి వచ్చింది.

నీళ్లు తీశాక జీపొచ్చింది, దిగిపోయాం. కొన్నాళ్లకు తనిఖీకి వచ్చిన అధికారి కంట్రోల్ రూము రిజిస్టరు తిప్పుతూ రిమార్కుల కాలమ్ దగ్గర ఆగాడట. చామగడ్డ పులుసు. దొండకాయ వేపుడు. పప్పు. పప్పు. పప్పు. పప్పు. పప్పు. మళ్లీ గుత్తివంకాయ. ఇదేమిటని అడిగితే అక్క బెదరలేదు. "బ్యాటరీలు ఎట్లున్నయో మీటర్లు చెప్తయి సార్. మనుషులు ఎట్లున్నరో ఈ కాలమ్ చెప్తది" అందట. ఆయన కాసేపు చూసి, కింద పొట్టి సంతకం పెట్టి పేజీ తిప్పాడట.

ఇదంతా జరిగి ముప్పై ఏళ్లు దాటింది. మామ ఇప్పుడు లేడు. పెద్దసారుకు ఎనభై ఎనిమిది. వరంగల్‌లో అదే ఇల్లు, కొడుకులు, మనవలు, ఇంటి నిండా జనం. ఎవరి టైము వాళ్లది, ఎవరి కంచం వాళ్లది, కంచం పక్కన ఎవరి ఫోను వాళ్లది. దవాఖానలో ఆయనకు కారం వద్దన్నారు, నూనె వద్దన్నారు. ఆదివారం ఆదివారం నేను ఫోన్ చేసి "ఏం కూర సార్?" అంటాను. ఆయన అరటికాయ ఆవపెట్టి అంటాడు, ఇంకేదో అంటాడు. నేను నిశ్చింతగా పెట్టేస్తాను.

పోయిన ఆదివారం అడిగితే, "పప్పు" అన్నాడు.

స్కూటరు ఎలా తీశానో తెలియదు. హనుమకొండ నుంచి వరంగల్ దాకా ఎన్ని సిగ్నళ్లు దాటానో, ఎందరి చేత తిట్టించుకున్నానో. వెళ్లి చూస్తే ఆయన కుర్చీలో కూర్చుని గుమ్మం వైపే చూస్తున్నాడు. గడ్డం నున్నగా గీసుకుని ఉన్నాడు.

"వచ్చినవా?" అన్నాడు. "రెండు నెలలాయె ముఖం చూపించక. పప్పంటేనే వస్తవని నాకు ఎరికే."

కుర్చీలో కూలబడ్డాను. కోపం రావాలి గాని నవ్వొచ్చింది. కోడలు నీళ్లిచ్చి వెళ్లింది. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"అగొ, ఒక మాట ఎన్నడూ చెప్పలేదు. ఆ దినం వాగు కాడ నువ్వు అబద్ధమాడినవని నాకు అప్పుడే ఎరికే. ఆమెకు నువ్వులు వేయించుడు నేను అంతకు ముందే నేర్పిన. పచ్చియి ఎందుకు నూరుతది? అయినా డ్యూటీల ఉన్న మనిషి పొయ్యి కాడ ఎట్లుంటది?"

"మరి ఎందుకు మర్లినరు సార్?"

"నీ ముఖం చూసిన. తప్పుడు అంకె ఒక్కటి రాయని పిలగాడు, గిట్ల కండ్లల్ల కండ్లు పెట్టి అబద్ధమాడుతాండంటే, నా సంగతి మస్తు ఖరాబైందని సమజైంది. అప్పుడే నీళ్లు ఎంత లోతున్నయో కనవడ్డయి."

ఇంతలో ఇద్దరికీ కంచాలు వచ్చాయి. పాలకూర పప్పు, ఇంత చారు. కారం లేదు, నూనె లేదు. ముద్ద కలుపుతుండగా ఆయన ఫోన్ మోగింది. అక్క. ఆమెకు డెబ్బై దాటింది, గొంతు మాత్రం అదే. ఈ మహానుభావుడు ఆమెకు కూడా పొద్దున పప్పనే చెప్పాడట. ఆయన నవ్వు ఆపుకుంటూ ఫోన్ నా చేతికిచ్చాడు.

"తమ్మీ, నువ్వు ఆడ్నే ఉన్నవా? సారెట్లున్నడు?" ఆమె కంగారుగా అడిగింది. ఆ వెంటనే, "ఏం కూర?" అంది.

నేను ఆయన వైపు చూశాను. పప్పులో చారు పోసుకుని, కళ్లు మూసుకుని జుర్రుతున్నాడు.

"గుత్తివంకాయ అక్కా" అన్నాను. నా రికార్డులో అది రెండో అబద్ధం.